మాక్ టెస్టుల సైటులో పిల్లల డేటా: అనలిటిక్స్ ఉంచొచ్చా, తీసేయాలా?

అందరికీ నమస్కారం. ఎంసెట్ మాక్ టెస్టులు పెట్టే ఓ చిన్న సైటు చూసుకుంటున్నాను (ఇప్పుడు పేరు ఈఏపీసెట్, కానీ అలా ఎవరంటారు లెండి). అందులో గూగుల్ అనలిటిక్స్ 4 (సైటుకి ఎవరొచ్చారు, ఏం చూశారు అని లెక్కలు చూపే టూల్) ఉంది. మొన్న పేజీల రిపోర్టు తెరిస్తే మతిపోయింది. ఫలితాల పేజీ అడ్రసులో, ప్రశ్నార్థకం తర్వాత, విద్యార్థి ఫోన్ నంబరు పది అంకెలూ కనిపిస్తున్నాయి! సైటు కట్టిన పాత డెవలపర్ ఆ ఫారాన్ని గెట్ పద్ధతిలో (నింపిన వివరాలు పేజీ అడ్రసులోనే కనిపించేలా) పెట్టి వెళ్లాడు. పోస్ట్‌కి మార్చేశాను, అనలిటిక్స్ స్ట్రీమ్ సెట్టింగుల్లో ఆ పారామీటరుకి (అడ్రసులో నంబరు ఉండే భాగానికి) రిడాక్షన్, అంటే పంపకముందే చెరిపేసే ఏర్పాటు, కూడా పెట్టాను. ఇకమీదట వెళ్లవు సరే, ఇప్పటికే వెళ్లినవాటి సంగతేంటి? డేటా డిలీషన్ రిక్వెస్ట్ పెడితే నంబర్ల వరకే పోతాయా, ఆ పేజీల లెక్కలూ పోతాయా? ఎవరైనా చేసి చూశారా?

అసలు భయం వేరే. 2023 డీపీడీపీ చట్టం (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, 9వ సెక్షన్ ప్రకారం వాళ్లని ట్రాక్ చేయకూడదు. మా దగ్గర ఎక్కువమంది ఇంటర్ వాళ్లే. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారో చూడటం కూడా ట్రాకింగేనా? 2025 రూల్స్‌లో విద్యాసంస్థలకి చదువు పనుల వరకు మినహాయింపు ఉంది. మాలాంటి సైటు అందులోకి వస్తుందా? లాయర్లు ఉంటే కాస్త చెప్పండి.

గూగుల్ అనలిటిక్స్ బదులు మటోమోని (అలాంటిదే ఇంకో టూల్) సొంత సర్వర్లో, కుకీలు లేకుండా, ఐపీ (ఇంటర్నెట్ అడ్రసు) చివరి రెండు బైట్లు మాస్క్ చేసి పెడదామనుకుంటున్నా. మా సారేమో "అందరూ గూగులే వాడుతుంటే నీకెందుకయ్యా" అంటారు. మటోమోకి మామూలు వీపీఎస్ (అద్దెకి తీసుకునే చిన్న వర్చువల్ సర్వర్) సరిపోతుందా?