సొంత పద్ధతిలో చేసిన లెక్కకు మార్కులు ఇవ్వాలా?

రెండో తరగతి అమ్మ:
మా పాప 52 − 27 ఇలా చేసింది: 27కి 3 కలిపితే 30, దానికి 22 కలిపితే 52, కాబట్టి జవాబు 25. అప్పు తెచ్చుకుని చేయలేదని టీచర్ కొట్టేశారు. మార్కు పోతే పోయింది. అప్పటినుంచి ఏ లెక్క చూసినా "ఎలా చెయ్యాలో చెప్పు" అని టెన్షన్ పడుతోంది. ఎవరిది తప్పు?

లెక్కల మాస్టారు:
కొట్టేయడం తప్పేనమ్మా. కానీ సృజన పేరుతో పద్ధతి నేర్పడం మానేస్తారేమోనని నా భయం. మీ పాపకు 30 దగ్గర ఆగాలని తట్టిందంటే, ఏడుకి మూడు కలిపితే పది అని నోటికి వచ్చు కాబట్టే. అది రాని పిల్లల్ని "మీకు తోచినట్టు చెయ్యండి" అని వదిలేస్తే, 2లోంచి 7 పోదు కదా అని తిరగేసి 7లోంచి 2 తీసి, 35 అని రాస్తారు. ముందు ఒక పద్ధతి గట్టిగా రావాలి, సృజన తర్వాత.

గళ్ల కాగితం:
మాస్టారూ, ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదండీ. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు చెప్పేశారు. కూడిక రాక కాదు. అంకెలు కనబడితే ఏదో ఒకటి చేసెయ్యాలని అలవాటైపోయింది.

మీరు చెప్పిన 35నే తీసుకుందాం. "27కి 35 కలిపి చూడు" అంటే 62 వస్తుంది, పిల్లాడు తనే ఆగిపోతాడు. అప్పు తెచ్చుకోవడం అప్పుడు నేర్పండి, ఎందుకో అర్థమవుతుంది.

కాస్త పెద్ద పిల్లలైతే, పొడవు వెడల్పులిచ్చి చుట్టుకొలత అడిగే బదులు "గళ్ల కాగితం మీద చుట్టుకొలత 24 వచ్చేలా దీర్ఘచతురస్రాలు గీయండి" అనండి. ఎక్కాలు సరిగా రానివాడూ 11, 1తో ఒకటి గీస్తాడు. లోపల 11 గళ్లు. పక్కవాడు 6, 6తో గీస్తే 36. (చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా అని ఎవరో అడుగుతారు. అడగనివ్వండి, మంచి ప్రశ్న.) చుట్టూ గీత అంతే ఉన్నా లోపలి గళ్లు ఎందుకు మారాయని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. ఆ వాదనలో ఎన్ని గుణకారాలు చేసేస్తారో!

లెక్కల మాస్టారు:
గళ్ల సంగతి బాగుంది. కానీ నలభైమంది నలభై రకాలుగా చేస్తే వినే టైమేదీ? రేపు 50,003 − 18,746 వస్తే సొంత పద్ధతి నిలబడుతుందా?

గళ్ల కాగితం:
నలభై వినక్కర్లేదు. రెండు మూడు బోర్డు మీద రాయించి, ఏది ఎందుకు పనిచేసిందో క్లాసునే అడగండి. మీ లెక్కకైతే పాప పద్ధతే తేలిక: 4 కలిపితే 18,750, మరో 250తో 19,000, ఆపైన 31,000, చివర 3. మొత్తం 31,257. వరుస సున్నాల మీదుగా అప్పు తేవడంలోనే పిల్లలు తడబడేది. ఇదే పద్ధతితో ఇంకో లెక్క చేసి, ఎలా వచ్చిందో చెప్పగలిగితే పాపకు పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే.