జర్మనీ విద్యార్థులతో వర్చువల్ స్టూడియో: మావాళ్లు అవతలివాళ్ల మోడల్ మీద చెయ్యి వెయ్యట్లేదు

యలహంక టీచర్:
అందరికీ నమస్కారం. బెంగళూరులో డిజైన్ చెబుతాను. మా మూడో ఏడాది పిల్లలూ జర్మనీలో ఒక కాలేజీ పిల్లలూ కలిసి ఓపెన్‌సిమ్‌లో, అంటే అందరూ ఆన్‌లైన్‌లో కలిసి తిరుగుతూ కట్టుకునే 3డి లోకంలో, బస్ షెల్టర్ కడుతున్నారు. చోటు ఇక్కడి మెజెస్టిక్ బస్టాండ్ పక్కన అనుకోమన్నాం. అటువాళ్లు వెంటనే బెంచీ, టైమ్‌టేబుల్ బోర్డు పెట్టేశారు. ఇక్కడ బస్సొస్తుంటే జనం షెల్టర్లో కూర్చోరు, రోడ్డు మీదికొచ్చి నంబరు చూస్తారు. పూలమ్మే ఆవిడకి నీడ కావాలి. ఇవన్నీ మావాళ్లు నాతో చెబుతారు, వాళ్లతో చెప్పరు. ఆ బెంచీని జరపరు కూడా. "వాళ్లు పెట్టింది కదా మేడమ్" అంటారు. కాల్‌లో మాత్రం అన్నిటికీ ఓకే. చెరో సగం పంచేయనా?

చెన్నై స్టూడియో:
పంచకండి మేడమ్, అప్పుడు రెండు షెల్టర్లు తయారవుతాయి. ఓపెన్‌సిమ్‌లో ఒకరు చేసిన వస్తువుని మామూలుగా ఇంకొకరు మార్చలేరు. చేసినవాళ్లు గ్రూప్‌తో షేర్ అని టిక్ పెట్టాలి. మీ పిల్లలు మొహమాటపడుతున్నారా, అసలు వాళ్లకి వీలే లేదా, ముందు అది చూడండి. ఆ టిక్ ఎప్పుడు పెట్టాలి, పెట్టాక చెప్పకుండా మార్చొచ్చా అన్నది రెండు జట్లూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. నా లెక్కలో మీ కోర్సులో అసలు పాఠం అదే. తర్వాత జంటలు వేయండి: ఇటునుంచి ఒకరు చెప్పాలి, అటునుంచి ఒకరు కట్టాలి. తర్వాత పాత్రలు మార్చుకోవాలి. నోరు విప్పకపోతే పని కదలదు.

కొలతబద్ద:
ఒక్క జాగ్రత్త. ఓపెన్‌సిమ్‌లో కెమెరా అవతార్ (తెరమీద మన బొమ్మ) వెనక, కాస్త పైన ఉంటుంది. అసలు కొలతలతో కడితే ఇరుకుగా కనిపించి పిల్లలు పైకప్పు మరీ ఎత్తుగా పెట్టేస్తారు. వాన జల్లు లోపలికి కొట్టే షెల్టర్ అవుతుంది. ఇంకోటి, అక్టోబరు ఆఖరి ఆదివారం జర్మనీ గడియారం మారుతుంది. మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది.

సర్వర్ అన్న:
వారం వారం ఓఏఆర్ ఫైలు (కట్టిందంతా ఒకే ఫైల్లో వచ్చే కాపీ) తీసి దాచుకోండి. మొజిల్లా ఇలాంటిదే హబ్స్ అనే వర్చువల్ గదుల సేవని 2024లో ఆపేసింది. మన దగ్గర కాపీ ఉండాలి.

యలహంక టీచర్:
చూశాను, టిక్ లేదు! అయినా మావాళ్లలో ఒక్కరూ పెట్టమని అడగలేదు, నాకు అదే ముఖ్యం. జంటలు వేస్తున్నాను. అవతలివాళ్లది ఏం మార్చారో, ఎందుకో, వాళ్లేమన్నారో ప్రతి ఒక్కరూ రాయాలి. సగం మార్కులు దానికే. జర్మనీ టీచర్‌గారిని ఒప్పించాలి, ఆయన పూర్తయిన మోడల్‌కే మార్కులంటున్నారు. ఎవరైనా ఇలా మార్కులేసి ఉంటే ఎలా వేశారో చెప్పండి.