కణితి మిగల్లేదని రిపోర్టు, మరి చుట్టూ 2 సెంటీమీటర్ల రేడియేషన్ ఎందుకు?

ప్రశ్న:
మా అన్నయ్యకు గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్. ఆపరేషన్ అయిన మర్నాడు ఎమ్మారై తీశారు. పాత ఫిల్ములో నిమ్మకాయంత తెల్లటి ఉంగరం ఉండేది. ఇప్పుడక్కడ నల్లటి ఖాళీ. వదినా నేనూ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాం. 'కాంట్రాస్ట్ పట్టే కణితి మిగల్లేదు' అని రిపోర్టు. అయినా రేడియేషన్ డాక్టరుగారు ఖాళీ చుట్టూ ఇంకో 2 సెంటీమీటర్లు కలిపి గీశారు. ముందుగా స్పెక్ట్రోస్కోపీ, పెర్ఫ్యూజన్, డీటీఐ కూడా చేయిద్దామన్నారు. అంతా తీసేశాక ఇవన్నీ దేనికండీ? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని. రిపోర్టులో 'కాంట్రాస్ట్ పట్టే' అన్న మాటను మళ్లీ చదవండి. గడోలినియం మందు రక్తనాళాల గోడ దెబ్బతిన్న చోటే బయటికి కారుతుంది, అక్కడే తెల్లగా కనిపిస్తుంది. కణితిని వదిలి మెదడులోకి పాకిన కణాల దగ్గర ఆ గోడ ఇంకా గట్టిగానే ఉంటుంది. మందు చేరదు, అవి కనిపించవు. ఫ్లెయిర్ అనే రకం ఎమ్మారై చిత్రంలో ఖాళీ చుట్టూ మసకగా తెల్లగా ఉంటుంది కదా, అందులో వాపు ఎంత, కణాలు ఎన్ని అన్నది చూసి చెప్పలేం.

వాల్టర్ డాండీ అనే సర్జన్ కొందరికి కుడి సగం మెదడే తీసేసినట్టు 1928లో రాశారు. అప్పటికీ ఈ జబ్బు తిరిగొచ్చింది. అయితే తిరిగొచ్చే కణితుల్లో ఎక్కువ భాగం మొదటి చోటుకు 2 సెంటీమీటర్ల లోపే వస్తాయి. ఆ గీత అందుకే.

స్పెక్ట్రోస్కోపీలో తెరమీద కొండల వరసలా ఒక గీత వస్తుంది, ఒక్కో కొండ మెదడులోని ఒక్కో రసాయనానిది. మామూలు మెదడులో ఎన్ఏఏ కొండ అన్నిటికన్నా ఎత్తు, అది ఆరోగ్యంగా ఉన్న నాడీకణాల గుర్తు. కణాలు జోరుగా పుడుతుంటే పక్కనున్న కోలిన్ కొండ లేస్తుంది, ఎన్ఏఏ కుంగుతుంది. ఫ్లెయిర్‌లో ఒకేలా తెల్లగా ఉన్న రెండు చోట్ల ఈ గీతలు పూర్తిగా వేరుగా రావడం చూశాను. ఖాళీకి మరీ ఆనించి కొలిస్తే మాత్రం మిగిలిన రక్తం వల్ల గీత చెడిపోతుంది. పెర్ఫ్యూజన్ రక్తం ఎక్కడ ఎక్కువ చేరుతోందో చెబుతుంది, చురుగ్గా పెరిగే కణితికి రక్తం ఎక్కువ చేరుతుంది. డీటీఐ నీటి కదలికను బట్టి మెదడులోని నాడీ తంతువుల దారులు చూపిస్తుంది, కణాలు పాకేది ఎక్కువగా వాటి వెంటే.

ఇంతచేసినా విడివిడిగా ఉన్న కణాలు ఏ స్కాన్‌కూ చిక్కవు. స్కాన్ బాగా వచ్చినా 2 సెంటీమీటర్లు తగ్గించమని మీరు అడగొద్దు.

జవాబు 2:
మా నాన్నగారికి రేడియేషన్ అయిన నెలకు తెల్ల మచ్చ పెద్దదైంది. ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. పెర్ఫ్యూజన్‌లో అక్కడ రక్తం తక్కువే ఉందని మందు ఆపకుండా చూశారు. తర్వాతి స్కాన్‌కి అదే తగ్గింది. మొదటి మూడు నెలల్లో ఇలా కావడం మామూలేనట. పాత సీడీలన్నీ దాచుకోండి, పోల్చడానికి అవే కావాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. బుధవారం స్కాన్. అన్నయ్యకు మెడనొప్పి, అంతసేపు పడుకోగలడా?

జవాబు 1:
ముప్పావుగంట పట్టొచ్చు. నొప్పి సంగతి ముందే చెప్పండి, మెడ కింద మెత్త సర్ది పెడతారు. స్పెక్ట్రోస్కోపీ మొదలయ్యేటప్పుడు చెప్పమనండి, ఆ కొన్ని నిమిషాలూ తల అస్సలు కదలకూడదు.