2020లో ప్రాణాలే ముందు, 2021లో లాక్‌డౌన్ వద్దు: కేసీఆర్ మాట ఎందుకు మారింది?

శ్రావణి, వరంగల్:
గ్రూప్-1 మెయిన్స్ వ్యాసం కోసం అడుగుతున్నాను. 2020 ఏప్రిల్‌లో సీఎంగా కేసీఆర్, ఆర్థిక వ్యవస్థను తర్వాతైనా బాగుచేసుకోవచ్చు, పోయిన ప్రాణాలు తేలేమని చెప్పి లాక్‌డౌన్ పొడిగించమని కేంద్రాన్ని కోరారు. 2021 మే మొదటి వారంలో, సెకండ్ వేవ్ ముదిరినప్పుడు, లాక్‌డౌన్ పెడితే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందన్నారు. వారం తిరక్కుండానే, మే 12 నుంచి పెట్టేశారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

రిటైర్డ్ టీచర్, నల్గొండ:
ఖజానా చూడండి. 2020 మార్చి జీతాల్లో ఐఏఎస్‌లకు 60 శాతం, ఉద్యోగులకు, మా పెన్షనర్లకు 50 శాతం కోత. మే 6న రేట్లు పెంచి మరీ వైన్ షాపులు తెరిచారు. ఆ దెబ్బ తిన్నాక రెండోసారి ఎవరైనా జంకుతారు.

టిఫిన్ సెంటర్, కూకట్‌పల్లి:
శ్రావణమ్మా, హోటల్ నడిపేవాడిగా చెప్తాను. 2020 జూన్ 8న హోటళ్లు తెరుచుకోవచ్చన్నారు. పప్పు నానబోసి, పిండి రుబ్బి, తెల్లారకముందే పొయ్యి వెలిగించాం. తినేవాళ్లేరీ? హాస్టల్ పిల్లలు ఊళ్లకెళ్లిపోయారు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంట్లోనే పని. వచ్చిన ఒకరిద్దరూ పార్సిల్ చెప్పి రోడ్డవతల నిలబడేవాళ్లు. మిగిలిన పిండి మధ్యాహ్నానికే పులిసి గిన్నె అంచులు దాటేది. ఆర్డర్ ఎత్తేశారు గానీ భయాన్ని ఎవరూ ఎత్తెయ్యలేదు కదా!

ఆ భయం పోవాలంటే లెక్కలు నమ్మేలా ఉండాలి. టెస్టులు చాలడం లేదని ఆ ఏడాది హైకోర్టు ఎన్నిసార్లు మందలించిందో గుర్తు చేసుకోండి. పక్క వీధిలో ఎందరికి వచ్చిందో తెలిస్తే జనం జాగ్రత్తగానైనా బయటికొస్తారు. తెలియకపోతే అందరూ తలుపులేసుకుంటారు. నా గల్లా ఖాళీ అయింది అందుకే.

2021లో పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు. ఊరంతా ఆ నాలుగు గంటల్లోనే రోడ్డు మీద. తొమ్మిదిన్నరకి పోలీసు విజిల్ వినపడితే దోసె పెనం మీద ఉండగానే గ్యాసు కట్టేసేవాళ్లం. మే 31 నుంచి ఒంటిగంట దాకా ఇచ్చాక తోపులాట తగ్గింది. టైం కుదిస్తే గుంపు చిక్కబడుతుందని మొదటి రోజే తెలియాల్సింది.

సాంబశివరావు, గుంటూరు:
ఏపీలో జగన్ కరోనాతో కలిసి బతకాలంటే అందరూ విరుచుకుపడ్డారు. టెస్టులు మాత్రం బాగా చేయించారు, కోవిడ్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చారు. అది కూడా రాయండమ్మా.

శ్రావణి, వరంగల్:
టిఫిన్ సెంటర్ అంకుల్, అయితే లాక్‌డౌనే తప్పని రాయమంటారా?

టిఫిన్ సెంటర్, కూకట్‌పల్లి:
అలా కాదమ్మా. 2020 మార్చిలో ఆస్పత్రులు సిద్ధం కావడానికి టైం కావాల్సిందే. వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు, మంచి పనే. అయినా మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరిందని తెలియగానే, మా దగ్గర గిన్నెలు కడిగే జార్ఖండ్ కుర్రాడు ఇక ఆగలేదు. జీతం ఎప్పుడొస్తుందో నేనూ చెప్పలేకపోయాను, ప్రభుత్వమూ చెప్పలేదు. మూసినన్నాళ్లూ కూలి పోయినవాడి చేతికి ఎంత అందింది, ఆస్పత్రిలో ఎన్ని బెడ్లు పెరిగాయి, ఈ రెండూ చూసి మార్కులెయ్యి. 2021 మేలో ఆక్సిజన్ బెడ్డు కోసం జనం తిరిగిన తిరుగుడు చూస్తే, మొదటి ఏడాదికి నేనైతే ఎక్కువ మార్కులెయ్యను.