సమస్య: "చీమ మోసె చూడు శిఖరమొకటి" – ఈ వారం పూరణలు

మోడరేటర్:
అందరికీ నమస్కారం. ఈ వారం పాదం ఇదిగోండి, ఇది చివరి పాదంగా వచ్చేలా ఆటవెలది పద్యం పూర్తి చెయ్యాలి.

చీమ మోసె చూడు శిఖరమొకటి

ఎక్కడి నుంచి వచ్చిందంటే, మొన్న రాత్రి మా వంటింటి గట్టు మీద ఒకే ఒక్క చీమ బూందీ పూసని వెనక్కి నడుస్తూ లాక్కెళ్తోంది, నేను పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయి అలా చూస్తూ నిలబడిపోయా, పాలు పొంగాయి, మా ఆవిడ వచ్చి చీమల మందు డబ్బా తీసింది, నేను ఆ చీమని పూసతో సహా పేపర్ మీదకి ఎక్కించి బాల్కనీలో వదిలేశా. తిట్లు తింటుండగా తట్టిన పాదం ఇది. ఏనుగుల మందని దోమ గొంతులోకి తోలిన తెనాలివాడి భాష మనది, చీమ కొండ మోస్తే ఒక లెక్కా! ఆదివారం రాత్రి దాకా టైం.

గణాల_గుమాస్తా:
మొదటి బోణీ నాదే.

గొల్లపల్లె గావ గోవిందుడొక్కడే
వేలికొసను వాన వెల్లువందు
నూక మోయుటేమి? నూరైన మోయదే
చీమ? మోసె చూడు శిఖరమొకటి

చీమ దగ్గర ఆగి చదవండి. ఆగకపోతే ఏమీ అర్థం కాదు, అప్పుడు నన్ను అనొద్దు.

సీమ_మిరపకాయ:
అబ్బా, విరుపు అదిరింది సామీ. నూరు నూకలైనా చీమ మోస్తాది, దాంట్లో ఏముంది, కొండ మోసింది మాత్రం గోవిందుడు. ఆ ఒక్క ప్రశ్నార్థకం దగ్గరే ఉండాది కిటుకంతా.

తాటిముంజ:
విరుపు బాగుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ గుమాస్తా గారూ, మోడరేటర్ గారు పాపం పాలు పొంగించుకుని, తిట్లు తిని మరీ చీమకి ఒక కొండ ఇప్పిస్తే, మీరొచ్చి దాన్ని లాగేసుకుని కృష్ణుడి చేతిలో పెట్టేశారు. ఆయనకి ఇదివరకే ఒకటుంది కదండీ. మీ పద్యంలో ఏ ప్రాణి వచ్చినా రెండో పాదానికల్లా పురాణంలోకి పారిపోతుంది, ఉగాదికి కోకిల గతీ ఇంతే అయింది.

గణాల_గుమాస్తా:
వచ్చిందండీ కోకిల. నాలుగు నెలలైంది, ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నారు.

తాటిముంజ:
మర్చిపోయేదా అది! "కోకిలమ్మ కూసె కొమ్మ చాటున" అన్నారు, గణం పడింది, యతి పడింది, అంతా బానే ఉంది, ఆడకోకిల మాత్రం అలా కూయదు. ఆ కుహూ కుహూ అని గొంతు చించుకునేది మగది, నల్లగా ఎర్ర కళ్ళతో ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో, కిక్ కిక్ కిక్ అని అరుచుకుంటూ కాకి గూడు ఎక్కడుందా అని తిరుగుతుంది. మా పెరట్లో మామిడి చెట్టు మీద రోజూ చూస్తాను కాబట్టి చెప్పా, మీరేమో పూర్వకవులందరూ అమ్మ అనే అన్నారని నలభై లైన్లు టైపు చేశారు.

మోడరేటర్:
కోకిల మీద చర్చ ఉగాది పోస్టులో ఇంకా ఓపెన్‌గానే ఉంది, అక్కడికి వెళ్ళండి బాబూ. ఇక్కడ చీమ.

డల్లాస్_బాబాయ్:
చాన్నాళ్ళయింది పద్యం రాసి, తప్పులుంటే క్షమించాలి.

వాన వచ్చు ననుచు వల్మీకమును వీడి
గుడ్లనెత్తుకొనుచు గోడ వెంట
మంచు కొండ లాంటి మల్లె రంగు గుడ్డు
చీమ మోసె చూడు శిఖరమొకటి

చిన్నప్పుడు మా నాయనమ్మ చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కుతుంటే ఆరేసిన వడియాలు తీసెయ్యమనేది, గంటలో వాన. వెదర్ యాప్ కన్నా ఆ గోడే నయం.

గణాల_గుమాస్తా:
బాబాయ్ గారూ, భావం చక్కగా ఉంది కానీ మూడో పాదం చివర "గు గుడ్డు" అని జగణం (లఘువు, గురువు, లఘువు) పడింది చూశారా, ఆటవెలదిలో అదెలా కూర్చుంటుందండీ. మిగతా మూడు పాదాలూ శుభ్రంగా ఉన్నాయి, ఇక్కడ మాత్రం కాలు జారింది.

సీమ_మిరపకాయ:
"మల్లెవన్నెల గుడ్డు" అంటే సరిపోతాది కదా. బాబాయ్, మార్చుకో.

డల్లాస్_బాబాయ్:
అద్భుతం, మార్చేశా. థాంక్యూ మిరపకాయ్.

తాటిముంజ:
గణం సంగతి సరే, రెండు మాటలు. ఒకటి, వల్మీకం చీమలది కాదు, చెదలది. "చీమలు పెట్టిన పుట్టలు పాముల పాలు" అని మనం తరతరాలుగా చీమల ఖాతాలో వేసేశాం గానీ ఆ నిలువెత్తు పుట్ట కట్టేది చెదపురుగు, అది చీమకి చుట్టం కూడా కాదు, బొద్దింకకి దగ్గర బంధువు. రెండోది, గోడెక్కేటప్పుడు బియ్యపుగింజంత తెల్లగా కనబడేవి చాలావరకు గుడ్లు కావు, పిల్లలూ ప్యూపాలూను. అసలు గుడ్డు కంటికి ఆనదు. అయినా బాబాయ్ పద్యంలో గోడ ఉంది చూశారా, అది నిజంగా చూసినవాడి గోడ.

గణాల_గుమాస్తా:
అంటే నాది చూడనివాడి కొండ అనా?

తాటిముంజ:
నేనేమీ అనలేదు. మీరే అనుకున్నారు.

సరే, నాది కూడా పడేస్తున్నా.

మంచు బొట్టులోన మన కొండ కనిపించె
తలను క్రిందు జేసి తళుకుమనుచు
బొట్టు నెత్తి మీద బోనమై నిలబెట్టి
చీమ మోసె చూడు శిఖరమొకటి

పాపికొండల దగ్గర శీతాకాలం పొద్దున్నే గడ్డి మీద వంగి చూస్తే బొట్టులో కొండ తలకిందులుగా ఉంటుంది, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.

డల్లాస్_బాబాయ్:
ఆహా! తలకిందుల కొండ! ఇది కదా పూరణ అంటే.

గణాల_గుమాస్తా:
వేమన అద్దంలో పెట్టిన కొండని తీసుకొచ్చి తాటిముంజ గారు మంచుబొట్టులో పెట్టారు, సంతోషం, కొండ బరువు తగ్గింది. పోతే ఒక చిన్న సందేహం, నాకు ప్రకృతి పరిశీలన లేదు కాబట్టి అడుగుతున్నా, చీమ ఏదైనా నెత్తి మీద మోస్తుందాండీ? నేను చూసినంతలో దవడలతో కరిచి పట్టుకుంటుంది. కోకిల లింగం దగ్గర అంత పట్టింపు ఉన్నవారు చీమ నెత్తి దగ్గర ఇలా వదిలేశారేమిటా అని.

సీమ_మిరపకాయ:
😂😂 నాలుగు నెలల బాకీ వడ్డీతో సహా!

తాటిముంజ:
...ఒప్పుకున్నా. బోనం మీద మోజు పడి నెత్తి తెచ్చా. నోట్లో బోనం పెట్టలేను కదండీ.

డల్లాస్_బాబాయ్:
ఇక్కడ టెక్సాస్‌లో ఎర్రచీమలుంటాయి, ఫైర్ యాంట్స్, కుడితే చీముపొక్కులే, లాన్ కోసేవాడు తిట్టని రోజుండదు. కానీ 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ మునిగినప్పుడు అవి ఒకదాన్నొకటి కరిచి పట్టుకుని తెప్పలా అల్లుకుని పిల్లలతో సహా వరద మీద తేలుతూ పోయాయి, ఎర్రటి చాపలు కొట్టుకుపోతున్నట్టు ఉన్నాయి టీవీలో. మా వీధిలో తిట్టేవాళ్ళంతా ఆ రోజు నోరెత్తలేదు. దాని మీద ఇంకోటి ప్రయత్నించా:

వరద మీద తేలె వందల తెప్పగా
ఒకరినొకరు కరచి యొద్దికగను
పిల్లలున్న వీపె పెనుకొండగా దోచె
చీమ మోసె చూడు శిఖరమొకటి

సీమ_మిరపకాయ:
ఏం బాబాయ్, తళ్ళికోట అయినాక రాయలవాళ్ళు రాజధాని పెట్టుకున్న మా పెనుకొండని నువ్వు చీమల మీద ఎక్కించి హ్యూస్టన్ తీసుకపోయినావా! కోట గోడలన్నా మాకు వదిలిపెట్టు.

గణాల_గుమాస్తా:
"కరచి యొద్దికగను" బాగుందండీ. కరుచుకుంటూ ఒద్దికగా ఉండటం, అంటే మన గ్రూపే.

పాలమూరు_పిల్ల:
అందరికి నమస్తే. నేను ఎప్పుడు చదివిపోతుంట, రాయలే ఇన్ని దినాలు. తప్పైతే చెప్పున్రి.

అవ్వ వాకిలూడ్చి యలికి ముగ్గులు వెట్టె
బియ్యపిండితోడ ప్రియముగాను
పొద్దు పొడుపులోన పుట్టెడంత పలుకు
చీమ మోసె చూడు శిఖరమొకటి

మా అవ్వ పిండి మెత్తగ పట్టియ్యదు, గిర్నీల జెర పలుకుగ పట్టమంటది. ఎందుకే అంటే మెత్తగుంటె గాలికి పోతది, వాటి నోటికి అందొద్దా అంటది. నేను చిన్నగున్నప్పుడు చీమల బారుకు అడ్డంగ వేలుతోని తుడుస్తుంటి, అవి వాసన తప్పి ఆడ్నే తిరుగుతుండె, అవ్వ నా చెయ్యి మీద ఒక్కటేసి, దాని తొవ్వ దానికియ్యి అంటుండె.

తాటిముంజ:
చెల్లెమ్మా! "పుట్టెడంత పలుకు"! మేమంతా కొండ కోసం బృందావనం, పాపికొండలు, హ్యూస్టన్ తిరిగొచ్చాం, అది మీ వాకిట్లో పిండిలో ఉంది. పలుకు అన్న మాట ఒక్కటి చాలు, పిండి పలుకు, మనిషి పలుకు, రెండూ. నా బోనం నేను దించేసుకుంటున్నా.

డల్లాస్_బాబాయ్:
చీమకి పుట్టెడంటే మరి కొండే కదా. అమ్మా, మీ అవ్వకి నా దండం చెప్పు.

గణాల_గుమాస్తా:
అమ్మాయ్, గణాలు పరిశుభ్రంగా ఉన్నాయి, యతులు సరిపోయాయి, మొదటి పూరణ అంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఒక్కటే, "బియ్యపిండి" అని వేశావు, బియ్యప్పిండి కదా, అలా ద్విత్వం వస్తే దాని ముందున్న "య్య" గురువైపోయి పాదం చెడుతుంది మరి.

పాలమూరు_పిల్ల:
సార్, మా దిక్కు బియ్యపిండి అనే అంటరు.

తాటిముంజ:
ఒక వాకిలి, ఒక అవ్వ, ఒక చీమ, ఇంత నిండుగా కళ్ళ ముందు పెడితే గుమాస్తా గారు ఒక పకారం కోసం భూతద్దం పెట్టి నేల మీద పడుకున్నారు. అదే భూతద్దం పెట్టి చీమని చూస్తే ఎంత బాగుండేది.

సీమ_మిరపకాయ:
మా పక్క కూడా బియ్యపిండే. రెండు ఓట్లు. గుమాస్తా అన్నా, వదిలెయ్.

గణాల_గుమాస్తా:
వదిలేశా. లోకంలో ఉన్న మాటే అంటే ఇంక నేనేం అంటాను. పలుకు విషయంలో మాత్రం తాటిముంజ గారితో నూటికి నూరు ఏకీభవిస్తున్నా, ఈ సంవత్సరంలో ఇదే మొదటిసారి, తేదీ రాసి పెట్టుకోండి. అయినా ఈ రోజుల్లో బియ్యప్పిండి ముగ్గు ఎవరు పెడుతున్నారండీ, మా అపార్ట్‌మెంట్లో గడప గడపకీ స్టిక్కర్లే, కింద గేటు దగ్గర రాతిపిండి. చీమ దాన్ని ఏం చేసుకుంటుంది.

మోడరేటర్:
ఆదివారం దాటింది. ఈ వారం మెచ్చిన పూరణ పాలమూరు_పిల్లది, దాంట్లో వాదన లేదు. విరుపుకి గుమాస్తా గారిది, తలకిందుల కొండకి తాటిముంజ గారిది (నెత్తి మినహా), ప్రయాణ ఖర్చులకి డల్లాస్ బాబాయ్‌ది. వచ్చే వారం పాదం రేపు.

గణాల_గుమాస్తా:
మోడరేటర్ గారూ, పోస్టు మూసేముందు ఒక మాట. ఇవాళ పొద్దున ఐదున్నరకి మా గడప ముందు స్టిక్కర్ పక్కన వరిపిండితో నాలుగు గీతలు గీశా, మా ఆవిడ నన్ను వింతగా చూసింది. పేపరు పట్టుకుని గంటన్నర కుర్చీలో కూర్చున్నా. ఒక్క చీమ రాలేదు. ఆరో అంతస్తు లెండి.

తాటిముంజ:
పిండి పలుకుగా ఆడించారా?

గణాల_గుమాస్తా:
కొట్లో కొన్న ప్యాకెట్. మెత్తగానే ఉంది.

తాటిముంజ:
అదీ సంగతి. రేపు కాస్త రవ్వ కలిపి చూడండి. వస్తే ఫోటో పెట్టండి, నెత్తి మీద మోస్తోందో లేదో కూడా చూసి చెప్పండి.