అప్‌డేట్: గుండెదడకు కార్టిసాలే కారణమా అన్న నా ప్రశ్న గురించి

ఉన్నట్టుండి గుండె దడదడలాడి చేతులు తిమ్మిరెక్కడానికి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడమే కారణమా అని ఇదివరకు అడిగాను. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు సాధారణంగానే వచ్చాయి. ఇవి ఉన్నట్టుండి తీవ్ర భయం కమ్మేసే పానిక్ అటాక్‌లేనని వైద్యురాలు నిర్ధారించారు. ఆమె వివరించినదాని ప్రకారం, మెదడులోని అమిగ్డాలా ప్రమాద సంకేతం ఇవ్వగానే శరీరాన్ని అత్యవసర స్థితికి సిద్ధం చేసే సింపథెటిక్ నాడులు చురుకై, అడ్రినల్ గ్రంథుల నుంచి క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. కార్టిసాల్ మాత్రం కొన్ని నిమిషాల తర్వాతే నెమ్మదిగా పెరుగుతుంది, పైగా చాలా పానిక్ అటాక్‌లలో అది అంతగా పెరగదు కూడా. తిమ్మిరి వేగంగా ఊపిరి తీయడంవల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వచ్చేదట. రక్తంలో అడ్రినలిన్ సగానికి తగ్గడానికి 2-3 నిమిషాలు చాలునన్న మాట నాకు నిజంగా ధైర్యమిచ్చింది. ప్రస్తుతం కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే మానసిక చికిత్స) తీసుకుంటూ, దడ వచ్చినప్పుడు అక్కడి నుంచి వెళ్లిపోకుండా ఊపిరి నెమ్మదిగా వదలడం సాధన చేస్తున్నాను.