6 లక్షల్లో హుషారైన సెకండ్ హ్యాండ్ కారు: పోలో జీటీ, బలెనో ఆర్‌ఎస్, టియాగో జేటీపీ... ఏది చూడాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):

అందరికీ నమస్కారం. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు హన్మకొండలో. వీలు దొరికిన శని, ఆదివారాలు ఊరికి వెళ్లి వస్తుంటాను. ఇప్పటిదాకా నాన్న వ్యాగన్‌ఆర్ నడిపాను. నా డబ్బుతో కొనే మొదటి కారు నడుపుతుంటే మజా రావాలని కోరిక. బడ్జెట్ అన్నీ కలిపి 6 లక్షలు, లోన్ వద్దనుకుంటున్నాను. మాన్యువల్ గేర్లంటే ఇష్టం. వెనక సీట్లో అమ్మానాన్న ఇబ్బంది పడకూడదు. పోలో జీటీ టీఎస్‌ఐ, బలెనో ఆర్‌ఎస్, టియాగో జేటీపీ, ఫిగో డీజిల్, అబార్త్ పుంటో చూస్తున్నాను. ఇదే డబ్బుకి పాత జర్మన్ లగ్జరీ సెడాన్ వస్తుందని ఫ్రెండ్ ఊరిస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ జర్మన్ సెడాన్ సంగతి మర్చిపో. 40 లక్షల కారు పాతబడి 6 లక్షలకు వచ్చినా, దాని సస్పెన్షన్, గేర్‌బాక్స్, సెన్సర్ల రేట్లు మాత్రం కొత్త కారు రేట్లే. ఒక్క పెద్ద రిపేరు వస్తే బండి షెడ్డులో ఉంటుంది, నువ్వు బస్సులో ఉంటావు.

రెండోది, 6 లక్షలు చేతిలో ఉంటే 5 లక్షల కారు వెతుకు. మిగతా లక్ష టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు, ఆయిళ్లు, ఇన్సూరెన్సు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులకు పెట్టుకో. ఎనిమిదేళ్ల కారుకి నాలుగు మంచి టైర్లు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించి చూడు, స్టీరింగ్ చేతికి ఎంత హాయిగా ఉంటుందో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ బడ్జెట్‌లో మజా అంతా తేలికైన బండి, మాన్యువల్ గేర్, బిగుతుగా ఉన్న సస్పెన్షన్‌లోనే ఉంది. పవర్ ఆ తర్వాత.

ఇక నీ లిస్టు. పోలో జీటీ టీఎస్‌ఐ చాలా మంచి కారు, 105 పీఎస్ పవర్, 175 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం). హైవే మీద రాయిలా నిలబడుతుంది. కానీ 2013లో వచ్చిన ఆ 1.2 లీటర్ జీటీలో మాన్యువల్ లేనే లేదు. అందులో ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్. మన ట్రాఫిక్‌లో గంటలకొద్దీ పాకిన కారైతే క్లచ్‌లు, గేర్లు మార్పించే మెకట్రానిక్ యూనిట్ ఏ స్థితిలో ఉన్నాయో పైపైన చూస్తే తెలియదు. అది పోతే నువ్వు దాచిన లక్ష చాలదు. 2020 నుంచి వచ్చిన 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ పోలో నీకు సరిగ్గా సరిపోయే కారు, 110 పీఎస్, ఆరు గేర్లు. బాగున్నవి నీ బడ్జెట్ దాటతాయి కాబట్టి ఆశ పెట్టుకోకు.

అబార్త్ పుంటో అంటే నాకు ప్రాణం. 145 బీహెచ్‌పీ, హైడ్రాలిక్ స్టీరింగ్. 2015లో 9.95 లక్షలకు అలాంటి కారు ఇంకొకటి లేదు. కానీ ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసి ఏళ్లయింది. పార్టు కోసం వారాలు ఆగగలిగినవాళ్లకు, ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్లకు అది బాగుంటుంది. నీకు ఉండబోయేది ఒక్కటే కారు.

ఫిగో 1.5 డీజిల్‌ది 100 పీఎస్, 215 ఎన్‌ఎం. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినా సర్వీస్ ఆపలేదు. ఎకోస్పోర్ట్‌లోనూ ఇదే ఇంజిన్ కాబట్టి తెలిసిన మెకానిక్‌లు దొరుకుతారు. వరంగల్ హైవే మీద ఓవర్‌టేక్‌కి గేరు మార్చే పనే ఉండదు. తక్కువలో పని కావాలంటే ఇదే.

టియాగో జేటీపీ 2018లో వచ్చింది, 1.2 టర్బో, 114 పీఎస్. అల్లరి కారు. బోల్టు నుంచి బోల్టు దాకా బాగున్నది దొరికితే వదలకు. కాకపోతే తక్కువే అమ్ముడయ్యాయి, జేటీపీకే ప్రత్యేకమైన బంపర్లు, అల్లాయ్‌ల కోసం వెతుక్కోవాలి.

నీకు నేను చెప్పేది మాత్రం బలెనో ఆర్‌ఎస్. 950 కిలోల బరువు, 1.0 బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్, 102 పీఎస్, 150 ఎన్‌ఎం, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. వెనక సీటు నీ లిస్టు మొత్తంలో ఇదే విశాలం. డోర్లు, లైట్లు మామూలు బలెనోవే, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఒక్కటి చూసుకో: బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని 2023 ఏప్రిల్‌లో 7,213 ఆర్‌ఎస్ కార్లను మారుతి రీకాల్ చేసింది. నువ్వు చూసే బండికి ఆ పని అయిందో లేదో ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో కనుక్కో.

ఇంకో సభ్యుడు:

పై అన్నయ్య మాటకు నాది రెండో ఓటు. కాగితాలు, వరద గురించి కూడా చెబుతాను. ఢిల్లీ నంబర్ బండి చవగ్గా వచ్చిందని తొందరపడకండి. ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుని లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అవన్నీ కలిపితే మిగిలేది తక్కువ, తిరుగుడు ఎక్కువ.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. వాటిలో కొన్ని పాలిష్ పట్టించుకుని అమ్మకానికి వస్తాయి. సీట్ బెల్టుని చివరిదాకా లాగి చూడండి. పైన శుభ్రంగా ఉన్నా, చుట్టుకుని ఉండే లోపలి భాగంలో మట్టి చార కనిపిస్తే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసిపోతుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, స్టెప్నీ కింది గుంతలో ఒండ్రు కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్స్ అన్నా, మీ ఇద్దరికీ. ఎల్‌బీ నగర్‌లో ఒక ఆర్‌ఎస్ ఉంది, రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించారట, ఎగ్జాస్ట్ కూడా మార్చారట. పవర్ బాగా పెరిగిందంటున్నారు. కూకట్‌పల్లిలో ఇంకోటి ఉంది, అంతా కంపెనీదే, రేటు కాస్త ఎక్కువ. ముందు ఏది చూడాలి?

జవాబు:

కూకట్‌పల్లిది. రీమ్యాప్ చేసిన కారుని ఎవరు, ఎలా నడిపారో నీకు తెలియదు, ఆ భారం క్లచ్ మీద, టర్బో మీద పడి ఉంటుంది. మార్పులు బయటపడితే ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది, ఆ ఎగ్జాస్ట్‌కి చలాన్లు వేరే.

బయల్దేరే ముందు ఓనర్‌కి ఫోన్ చేసి, నువ్వు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే ఎందుకని అడుగు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు ఐడిల్‌లో ఉంచి, ఒక్కసారి రేస్ చెయ్యి. వెనక నీలం పొగ వస్తే టర్బో సీళ్లో, ఇంజినో ఆయిల్ తాగుతోంది. రోడ్డు మీద నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. అవి ఆరేళ్లు దాటితే టైర్ల ఖర్చు రేటులోంచి తగ్గించమని అడుగు. మెకానిక్‌ని తీసుకెళ్తే, కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెట్టించు. ఫాల్ట్ కోడ్‌లు ఏమీ లేకపోయినా, రెడీనెస్ టెస్టులు (కారు తనకు తానే చేసుకునే పరీక్షలు) పూర్తికాలేదని చూపిస్తే నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపేశారేమోనని అనుమానించాలి.

డబ్బు ఇచ్చే రోజే బండి నీ పేరుకి మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, పాత లోన్ ఉంటే దాన్ని ఆర్‌సీలోంచి తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకో. చలాన్లు ఆన్‌లైన్‌లో చూసి ఆయనతోనే కట్టించు. ఇన్సూరెన్సు 14 రోజుల్లోపు నీ పేరు మీదకి మార్పించు. క్లెయిమ్ చేయనందుకు ఓనర్‌కి వచ్చిన ప్రీమియం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, నీకు రాదు, కాబట్టి ప్రీమియం తేడా ముందే కనుక్కుని రేటు మాట్లాడుకో.